గాలిచక్రం మోసే బరువు

కమ్మరి కొలిమికి గాలి కావాలి. చింతపల్లి మన్యంలో కొండకమ్మరులు తరతరాలుగా నాగటి కర్రులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసి ఇస్తున్నారు. కొలిమికి ఒకప్పుడు తోలుతిత్తులే ఊపిరి. తిత్తిని నొక్కితే గాలి వస్తుంది, వదిలితే ఆగుతుంది. తరువాతి కాలంలో మన పల్లెల్లో చాలాచోట్ల ఆ తిత్తి స్థానంలో చేతితో తిప్పే ఇనుప పంకా వచ్చింది. నత్తగుల్ల ఆకారంలో ఒక రేకు డొల్ల, దాని లోపల రెక్కల చక్రం, బయట ఒక పిడి, వేగం పెంచడానికి పళ్ళచక్రాలు. ఇంతే దాని నిర్మాణం. పిడి తిప్పుతున్నంతసేపు గాలి ఎడతెగకుండా బొగ్గుల మీదికి వస్తుంది.

ఈ పంకాను గురించి ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. పంకాను కొలిమి నుంచి విడదీసి, ఒకే వేగంతో తిప్పుతున్నామనుకోండి. ఇంతలో మరొకరు వచ్చి గాలి బయటికి వెళ్ళే మూతిని చెక్కతో పూర్తిగా మూసివేశారు. అప్పుడు పిడి తిప్పడం బరువవుతుందా, తేలికవుతుందా?

బరువవుతుందని చెప్పడానికే మనసు మొగ్గుతుంది. దారి మూసేస్తే గాలి ఎదురు తిరుగుతుంది కదా, ఆ ఎదురును మన చెయ్యి మోయాలి కదా అని తర్కిస్తాం. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కిన అనుభవం కూడా ఆ సమాధానాన్నే బలపరుస్తుంది. కాని పంకా విషయంలో జరిగేది దీనికి విరుద్ధం. మూతి మూయగానే పిడి తేలికవుతుంది. తెరవగానే మళ్ళీ బరువెక్కుతుంది. ఇంట్లో దుమ్ము పీల్చే యంత్రం గొట్టాన్ని అరచేతితో మూసినప్పుడు దాని మోటారు కూత హెచ్చడం మీలో కొందరు వినే ఉంటారు. మోటారు కష్టపడుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు తగ్గడం వల్ల అది మరింత వేగంగా తిరుగుతోంది.

ఈ వింతకు కారణం తెలుసుకోవడం, దానిని కంప్యూటరు లెక్కల్లో ఎలా పట్టుకుంటారో చూడడం, ఆ లెక్క తప్పితే మన్యంలోని ఒక కాఫీ రైతుకు ఎలాంటి నష్టం కలుగుతుందో గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

మొదట మాటల అర్థాలు స్థిరపరచుకుందాం. తలుపును బందుల దగ్గర నెట్టితే కదలదు; గడియ దగ్గర నెట్టితే సులభంగా తెరుచుకుంటుంది. తిప్పే శక్తి బలం మీదనే గాక, అక్షం నుంచి ఆ బలం ఎంత దూరంలో పనిచేస్తోందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. బలాన్ని, అక్షం నుంచి దానికి గల లంబదూరంతో గుణిస్తే వచ్చేది బలభ్రామకం. ఇంజనీర్లు దీనినే టార్క్ అంటారు. మనమూ ఆ మాటనే వాడుకుందాం. 20 సెంటీమీటర్ల పిడిని 10 న్యూటన్ల బలంతో తిప్పితే టార్క్ 2 న్యూటన్-మీటర్లు. ఇక ఒక సెకనులో పంకా గుండా ఎన్ని ఘనపు మీటర్ల గాలి వెళుతుందో అది ప్రవాహరేటు.

గాలి చక్రం మధ్యనున్న రంధ్రం గుండా లోపలికి వచ్చి, రెక్కల మధ్యగా అంచు వైపు సాగి, డొల్లలోకి విసరివేయబడే పంకాను అపకేంద్ర పంకా అంటారు. మన ఇంటి కప్పుకు వేలాడే పంకా ఈ జాతిది కాదు. అందులో గాలి అక్షం వెంబడి సాగుతుంది. అపకేంద్ర పంకా చాలా పాతది. 1556లో వెలువడిన జార్జియస్ అగ్రికోలా గనుల గ్రంథంలో, భూగర్భంలోకి గాలి పంపే కొయ్యరెక్కల పంకాల చిత్రాలు ఉన్నాయి. అవి పనిచేశాయి, కాని అవి ఎంత బరువు మోస్తాయో ముందుగా లెక్కగట్టే సూత్రం ఆనాటికి లేదు. ఆ సూత్రం మరో రెండు వందల సంవత్సరాలకు వచ్చింది. 1750ల దశకంలో లియోనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త నీటితో తిరిగే చక్రాలను గురించి ఆలోచిస్తూ దానిని రాబట్టాడు. ఆయన పంకాల కోసం వెతకలేదు. అయినా సూత్రం రెండింటికీ ఒకటే.

ఆ సూత్రాన్ని ఒక పోలికతో చూద్దాం. పాడేరు మోదకొండమ్మ జాతరలో రంగులరాట్నం తిరుగుతోంది. దాన్ని ఒక మనిషి నెట్టుతున్నాడు. ఎక్కిన పిల్లలు ఎక్కినట్టే కూర్చుని తిరుగుతున్నంతసేపు అతనికి పెద్దగా శ్రమ లేదు. ఇరుసు రాపిడిని, గాలి రాపిడిని జయిస్తే చాలు. ఇప్పుడు ఒక విచిత్రమైన ఏర్పాటు ఊహించండి. రాట్నం ఆగదు, పిల్లలు మధ్యలో ఒకరి తరువాత ఒకరు ఎక్కుతూ, అంచు దాకా నడిచి, అక్కడి నుంచి బయటికి దూకుతూ ఉన్నారు. ఎక్కిన ప్రతి పిల్లవాడికీ తిరిగే వేగం కొత్తగా ఇవ్వాలి. దూకిన ప్రతివాడూ ఆ వేగాన్ని తనతో పట్టుకుపోతాడు. నెట్టేవాడు ఇక క్షణం తీరిక లేకుండా శ్రమించాలి. సెకనుకు ఎందరు దూకుతున్నారన్నదాన్ని బట్టి అతని శ్రమ పెరుగుతుంది. ఎవరూ దూకకుండా అంచున తలుపు మూసేస్తే శ్రమ తగ్గిపోతుంది.

పంకాలో పిల్లల స్థానంలో ఉన్నది గాలి. తిరిగే వస్తువు పట్టుకుపోయే ఆ గుణాన్ని భౌతికశాస్త్రంలో కోణీయ ద్రవ్యవేగం అంటారు. చక్రం నుంచి సెకనుకు ఎంత కోణీయ ద్రవ్యవేగం బయటికి పోతుందో, అందులో నుంచి లోపలికి వచ్చేటప్పుడే గాలి తెచ్చుకున్నదాన్ని తీసివేస్తే మిగిలేదే టార్క్. ఆయిలర్ చెప్పిన మాట ఇదే. లోపలికి వచ్చే గాలికి తిరుగుడు లేదనుకుంటే లెక్క మరీ సులభం: గాలి సాంద్రత, ప్రవాహరేటు, చక్రం వ్యాసార్ధం, అంచు వద్ద గాలికి చుట్టూ తిరిగే దిశలో ఉన్న వేగం, ఈ నాలుగింటి లబ్ధమే టార్క్. ప్రవాహం సున్నా అయితే లబ్ధమూ సున్నా. మూతి మూసిన పంకా తేలికగా తిరగడానికి కారణం దొరికింది. సైకిలు పంపులో ఇలాంటిది జరగదు. అక్కడ ముషలకం గాలిని ఒక మూలకు నెట్టి నొక్కుతుంది. పంకా గాలిని తిప్పి విసురుతుంది.

అయితే ఒక మెలిక ఉంది. ఆ నాలుగింటిలో చివరిది, అంటే గాలి చుట్టూ తిరిగే వేగం, స్థిరంగా ఉండదు. అది రెక్క వంపు మీద ఆధారపడుతుంది. రెక్క చివర తిన్నగా బయటికి చూస్తుంటే గాలి ఇంచుమించు అంచు వేగంతోనే బయటపడుతుంది. రెక్క చివర తిరిగే దిశకు వెనక్కి వంగి ఉంటే గాలి రెక్క వెంట జారుతూ కొంత వెనకబడుతుంది. ప్రవాహం పెరిగిన కొద్దీ ఆ వెనకబాటు కూడా పెరుగుతుంది. రెక్క ముందుకు వంగి ఉంటే గాలి అంచు కంటే వేగంగా ముందుకు విసరివేయబడుతుంది.

అంకెలతో చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల వెడల్పు గల చక్రం తీసుకుందాం. అంచు వేగం సెకనుకు 45 మీటర్లు అనుకుందాం. అంటే చక్రం నిమిషానికి రమారమి 1430 చుట్లు తిరుగుతుంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోగ్రాములు. వంపు ఉన్న రెక్కలకు వంపు 45 డిగ్రీలు. సెకనుకు 1 ఘనపు మీటరు గాలి పోతున్నప్పుడు వెనక్కి వంగిన రెక్కలకు 14.3, తిన్నని రెక్కలకు 16.2, ముందుకు వంగిన రెక్కలకు 18.1 న్యూటన్-మీటర్ల టార్క్ కావాలి. వీటి మధ్య పెద్ద వ్యత్యాసం లేదు. ప్రవాహం 2 ఘనపు మీటర్లయితే అవి వరుసగా 24.8, 32.4, 40. ప్రవాహం 4 అయితే 34.2, 64.8, 95.4.

చివరి మూడు అంకెల్ని మరొకసారి చదవండి. అదే చక్రం, అదే వేగం, అదే గాలి. రెక్క వంపు ఒక్కటే మారింది. టార్క్ ఒకదానికొకటి దాదాపు మూడు రెట్లు తేడా వచ్చింది. ముందుకు వంగిన రెక్కలకు ప్రవాహంతో పాటు టార్క్ పైపైకి ఎగబాకుతుంది. తిన్నని రెక్కలకు సరళరేఖలో పెరుగుతుంది. వెనక్కి వంగిన రెక్కలకు మాత్రం పెరిగి పెరిగి ఒకచోట శిఖరాన్ని తాకి, అక్కడి నుంచి దిగడం మొదలుపెడుతుంది. మన లెక్కలో ఆ శిఖరం ప్రవాహం నాలుగుంపావు ఘనపు మీటర్ల వద్ద ఉంది. మోటారు ఆ శిఖరాన్ని మోయగలిగితే చాలు, ఇక ఏ పరిస్థితిలోనూ దానికి అతిభారం ఉండదు. పరిశ్రమల్లో వెనక్కి వంగిన రెక్కలకు ఉన్న గౌరవానికి ఇదొక ముఖ్యకారణం. ముందుకు వంగిన రెక్కలు చిన్న చోటులో ఇమిడి, తక్కువ వేగంలోనే ఎక్కువ గాలినిస్తాయి. అందుకే అవీ విరివిగా వాడుకలో ఉన్నాయి. కాని వాటిని ఆదమరచి వాడకూడదు.

ఇది ఆదర్శమైన లెక్క అని గుర్తుంచుకోవాలి. నిజమైన చక్రంలో రెక్కల సంఖ్య పరిమితం కాబట్టి గాలి రెక్కను పూర్తిగా అనుసరించదు, కొంత జారిపోతుంది. ప్రవాహం సున్నా అయినప్పుడు టార్క్ కూడా సున్నా కాదు. చక్రం పలకలకు, గాలికి మధ్య రాపిడి ఉంటుంది. రెక్కల మధ్య చిక్కుకున్న గాలి బయటికి పోలేక సుళ్ళు తిరుగుతూ, అంచు దాటి మళ్ళీ లోపలికి చొరబడుతూ ఉంటుంది. మన రాట్నంలో దూకడానికి దారి లేని పిల్లలు లోపలే ఒకరినొకరు తోసుకోవడం వంటిది అది. దానికీ కొంత శ్రమ అవుతుంది.

ఈ లెక్క మన్యానికి ఎందుకు? 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం పోలీసు ఠాణాపై దాడి చేసిన ఊరుగా చింతపల్లి పేరు చరిత్రలో ఉంది. 2022లో ఆ వీరుని పేరుతోనే ఏర్పడిన జిల్లాలో ఇది నేడు ఒక మండల కేంద్రం. సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. సమీపంలోని ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు వారి పరిశోధన కేంద్రం ఉంది. కొండవాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియం తీగలు వేలాది గిరిజన కుటుంబాలకు ఆధారం. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

కాఫీ పండు నవంబరు నుంచి జనవరి వరకు కోతకు వస్తుంది. పండు తొక్క తీసి, జిగురు పులియబెట్టి కడిగి, గింజను పైపొరతో సహా ఆరబెట్టాలి. ఎండ బాగుంటే వారం పది రోజుల్లో ఆరుతుంది. కాని కోతకాలం అంటే మన్యంలో మంచుకాలం. లంబసింగి చుట్టుపక్కల ఉదయం చాలాసేపు పొగమంచు తొలగదు. నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుపాను లేస్తే రోజుల తరబడి ముసురు పడుతుంది. తడి గింజ అలాగే ఉంటే బూజు పడుతుంది, రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. ఏడాది శ్రమ ఆ నాలుగు రోజుల్లో తేలిపోవచ్చు. గింజ చల్లబడకుండా, మరీ కాలకుండా, 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిగాలిని గింజల పొర గుండా పంపే ఆరబెట్టు యంత్రం అప్పుడు అక్కరకు వస్తుంది. దాని గుండె అపకేంద్ర పంకా.

ఆ యంత్రంలో పంకా ఎంత గాలి పంపుతుందన్నది పంకా ఒక్కటే నిర్ణయించదు. గింజల పొర ఎంత మందంగా ఉంటే గాలికి అంత అడ్డు. పొర నిండుగా ఉంటే ప్రవాహం తక్కువ. కాబట్టి టార్క్ తక్కువ. గింజలు తీసివేసి తొట్టి ఖాళీ చేసి, పంకాను మాత్రం ఆపడం మరచిపోయారనుకోండి. అడ్డు తొలగింది. గాలి వెల్లువలా పోతుంది. టార్క్ పెరుగుతుంది. తొట్టి ఖాళీగా ఉంది కదా, మోటారుకు విశ్రాంతి అని పనివారు అనుకుంటారు. మోటారు మాత్రం ఆ సమయంలోనే అత్యధిక భారం మోస్తూ వేడెక్కుతుంది. ముందుకు వంగిన రెక్కల పంకాకు నిండు తొట్టి లెక్కతో మోటారు బిగిస్తే, ఖాళీ తొట్టి దానిని కాల్చివేయగలదు. కాలిన మోటారు చుట్టు కట్టించడానికి కొండ దిగి వెళ్ళి రావాలి. ముసురులో తడి గింజ అన్నాళ్ళు ఆగదు.

దీనికి తోడు విద్యుత్తు సంగతి ఉంది. పంకాలను సాధారణంగా తిప్పేవి ఇండక్షన్ మోటార్లు. అవి ఇవ్వగల గరిష్ఠ టార్క్ వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పొడవైన తీగల చివర వోల్టేజి ఐదింట నాలుగు వంతులకు పడిపోతే, మోటారు గరిష్ఠ టార్క్ నూటికి 64 వంతులే మిగులుతుంది. అపకేంద్ర పంకాను మొదలుపెట్టేటప్పుడు గాలిదారికి ఉండే పలకను మూసి ఉంచి, వేగం అందుకున్నాక నెమ్మదిగా తెరవమని చెప్పడంలోని ఆంతర్యం ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది. అక్షం వెంబడి గాలి సాగే పంకాలకు ఈ సలహా వర్తించదు. వాటిలో చాలావాటికి దారి మూసినప్పుడే భారం ఎక్కువ. ఒక యంత్రం అలవాటును మరో యంత్రానికి అంటగట్టరాదు.

కొండ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. అదే ఉష్ణోగ్రత వద్ద విశాఖపట్నం తీరంలో కంటే చింతపల్లిలో గాలి సాంద్రత ఇంచుమించు పదోవంతు తక్కువ. కాబట్టి తీరంలో 32.4 న్యూటన్-మీటర్లు అడిగిన పంకా, అదే ఘనపరిమాణం గాలి పంపుతూ, ఇక్కడ 29 దగ్గర ఆగుతుంది. మోటారుకు సుఖమే, కాని గింజను చేరే గాలి బరువు కూడా ఆ మేరకు తగ్గింది. అది మోసుకుపోగల తేమా తగ్గింది. ఇక పొయ్యి వెలిగించక ముందు చల్లని గాలి దట్టంగా ఉంటుంది. పొయ్యికి అవతల, వేడిగాలిని పీల్చేచోట పంకా ఉంటే, తెల్లవారుజామున చల్లగా మొదలుపెట్టినప్పుడే దానికి భారం ఎక్కువ. గాలి 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత సుమారు తొమ్మిది శాతం తగ్గి, టార్క్ కూడా అంతే తగ్గుతుంది.

ఇన్ని మార్పులకు ఒక్కొక్క పంకా తయారుచేసి పరీక్షించడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఇంజనీర్లు పంకాను మొదట కంప్యూటరులో తిప్పిచూస్తారు. దీనికే సిమ్యులేషన్, అంటే అనుకరణ, అని పేరు. చక్రం, డొల్ల, వాటిలోని గాలి ఆక్రమించే చోటును లక్షల చిన్న గడులుగా విభజిస్తారు. ప్రతి గడిలోనూ గాలి వేగం, పీడనం ఎంతో తెలియదు. వాటిని కలిపే సమీకరణాలు మాత్రం తెలుసు. 1822లో నేవియర్, 1845లో స్టోక్స్ ప్రవాహులకు వర్తింపజేసిన న్యూటన్ సూత్రాలే అవి. కంప్యూటరు ఒక ఊహతో మొదలుపెట్టి, పొరుగు గడులన్నింటితో లెక్క సరిపడేవరకు వేలసార్లు సవరించుకుంటూ పోతుంది. ఈ పనికి ఒకప్పుడు ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. 2004లో ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. బొంబాయి ఐఐటీ వారి ఫోసీ పథకం దాని వాడకాన్ని మన దేశపు విద్యార్థులకు నేర్పుతోంది. చింతపల్లి జూనియర్ కళాశాల నుంచి ఇంజనీరింగుకు వెళ్ళిన విద్యార్థికైనా, మహానగరపు విద్యార్థికైనా అది ఒకే ధరకు, అంటే ఊరికే, దొరుకుతుంది.

లెక్క ముగిశాక టార్క్ ఎలా తెలుస్తుంది? రెక్క మీది ప్రతి చిన్న ముక్కపైనా గాలి రెండు విధాలుగా పనిచేస్తుంది: లంబంగా పీడనంతో నెట్టుతుంది, ఉపరితలం వెంబడి స్నిగ్ధతతో ఈడుస్తుంది. ప్రతి ముక్కపై ఉన్న బలాన్ని అక్షం నుంచి దూరంతో గుణించి, అన్నింటినీ కూడితే టార్క్ వస్తుంది. ఇక్కడే కొత్తవారు తడబడతారు. రెక్కలను మాత్రమే కూడి, వాటిని పట్టుకున్న పలకలను వదిలేస్తారు. లేదా చక్రంతో పాటు కదలని డొల్లను కూడా కలిపేస్తారు. డొల్ల మీది మెలి వ్యతిరేక దిశలో ఉంటుంది కాబట్టి మొత్తం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. పన్నెండు రెక్కల చక్రంలో ఒక్క రెక్క భాగాన్ని మాత్రమే లెక్కించి, చివర పన్నెండుతో గుణించడం మరచిపోవడం మరో పొరపాటు. ఓపెన్‌ఫోమ్‌లో సాంద్రత మారని ప్రవాహాన్ని లెక్కించే విధానాల్లో పీడనాన్ని సాంద్రతతో భాగించి ఉంచుతారు. టార్క్ కావాలంటే సాంద్రతను మనమే చెప్పాలి. అక్కడ 1 అని వదిలేస్తే గాలికి ఆరోవంతు తేడా వస్తుంది. ఆరోవంతు తేడా కంటికి తప్పుగా కనిపించదు, అదే ప్రమాదం. నీటికైతే వెయ్యి రెట్లు తేడా వచ్చి, తప్పు తనంతట తానే బయటపడేది.

ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడానికి రెండో లెక్క ఉండనే ఉంది. రెక్కల మీది బలాలను పక్కన పెట్టి, చక్రం లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి ఎంత కోణీయ ద్రవ్యవేగం మోస్తున్నాయో కొలిచి, తేడా తీయాలి. అది ఆయిలర్ లెక్క. బలాల లెక్క, ఆయిలర్ లెక్క దగ్గర దగ్గరగా రావాలి. పలకల వెనుక రాపిడి మేరకు కొద్ది తేడా ఉంటే దానికి అర్థముంది. అంతకు మించితే కంప్యూటరు ఇంకా సమాధానానికి చేరలేదని, లేక గడులు చాలినంత చిన్నవి కావని గ్రహించాలి. సంతలో కొనేవారి తక్కెడ, అమ్మేవారి తక్కెడ ఒకే తూకం చూపినప్పుడే బేరం నమ్మదగింది.

అనుకరణలో మరొక మాయ ఉంది. నిజమైన యంత్రంలో ప్రవాహరేటు పంకాకు, గింజల పొరకు మధ్య కుదిరిన ఒప్పందం. కంప్యూటరులో మాత్రం ప్రవాహరేటును మనమే నిర్దేశించవచ్చు. ఎంత అడిగితే అంత గాలి లోపలికి వస్తుంది. వెనక్కి వంగిన రెక్కల చక్రానికి ప్రవాహం పెంచుతూ పోతే, శిఖరం దాటాక టార్క్ తగ్గడం చూసి కొందరు విద్యార్థులు కార్యక్రమంలో లోపం ఉందని కంగారుపడతారు. లోపం లేదు. ఇంకా పెంచితే, మన ఉదాహరణలో ఎనిమిదిన్నర ఘనపు మీటర్ల వద్ద, టార్క్ సున్నా అవుతుంది. అది దాటితే గుర్తే మారిపోతుంది. అంటే చక్రాన్ని మనం తిప్పడం మాని, గాలే దానిని తిప్పడం మొదలుపెట్టింది. ఏ గింజల పొర వెనుకా అలాంటి ప్రవాహం తనంతట తాను రాదు. బయటి నుంచి మరేదో బలంగా నెట్టితేనే వస్తుంది.

అలా నెట్టే చోటు చింతపల్లికి పొరుగునే ఉంది. సీలేరు నది మీది ఎగువ సీలేరు కేంద్రంలో ఒక్కొక్కటి 60 మెగావాట్ల యంత్రాలు 4 ఉన్నాయి. అక్కడ ఎత్తు నుంచి దూకే నీరు చక్రానికి తన కోణీయ ద్రవ్యవేగాన్ని అప్పగించి వెళుతుంది. చక్రం ఇరుసు జనరేటరును తిప్పుతుంది. పంకాలో గుర్తు మారిన లెక్క ఏదో, సీలేరులో అదే అసలు లెక్క. ఆయిలర్ మొదట ఆలోచించింది ఈ వైపు నుంచే.

ప్రవాహం బాగా తగ్గినచోట అనుకరణకు మరో కష్టం ఎదురవుతుంది. రెక్కల మధ్య గాలి విడిపోయి, సుళ్ళు పుట్టి, ఒక దారి నుంచి పక్క దారికి పాకుతూ ఉంటుంది. టార్క్ ఒకచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. చక్రం నిలిచి ఉండగా చుట్టూ లోకం తిరుగుతోందని భావించి వేసే స్థిరప్రవాహపు లెక్క ఇక్కడ చాలదు. చక్రాన్ని నిజంగానే కొద్దికొద్దిగా తిప్పుతూ, అనేక చుట్లకు సగటు తీయాలి. ఒక్క రూపకల్పన ప్రవాహం వద్ద లెక్క వేసి, మిగిలినది ఊహించే తొందర చాలామందిలో కనిపిస్తుంది. అందుకు కారణం కంప్యూటరు కాలం ఖరీదు కావడమే. కాని కాఫీ ఆరబెట్టే యంత్రం ఆ ఒక్క బిందువు వద్ద బతకదు. మూసిన పలక నుంచి ఖాళీ తొట్టి దాకా కనీసం ఐదారు ప్రవాహాల వద్దనైనా టార్క్ తెలిస్తేగాని మోటారును ఎంపిక చేయరాదు.

కంప్యూటరు చెప్పినదాన్ని సరిచూడడానికి గొప్ప పరికరాలు అక్కరలేదు. విద్యుత్తు పనివాడు తీగ చుట్టూ పట్టుకునే కొలతయంత్రంతో పలక మూసినప్పుడు, సగం తెరిచినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు మోటారు తీసుకునే విద్యుత్ప్రవాహాన్ని రాసుకోవచ్చు. పలక తెరిచేకొద్దీ అంకె పెరుగుతుంది. అయితే మూసినప్పటి అంకెను చూసి, టార్క్ కూడా అదే నిష్పత్తిలో ఉందనుకోకూడదు. ఇండక్షన్ మోటారు ఏ భారమూ లేకపోయినా తన అయస్కాంత క్షేత్రం కోసం గణనీయమైన ప్రవాహం తీసుకుంటుంది. కాబట్టి వాట్లను కొలిచే యంత్రం దొరికితే దానినే వాడాలి. వచ్చిన వాట్లలో నుంచి మోటారు నష్టాలను తీసివేసి, మిగిలినదాన్ని సెకనుకు చక్రం తిరిగే రేడియన్లతో భాగిస్తే టార్క్ చేతికి వస్తుంది.

ప్రశ్నలు

1. సైకిలు పంపు మూతిని మూసినప్పటి అనుభవానికి, అపకేంద్ర పంకా మూతిని మూసినప్పటి అనుభవానికి గల భేదాన్ని కారణసహితంగా రాయండి.

2. పాఠంలోని ఉదాహరణలో ప్రవాహం సెకనుకు 3 ఘనపు మీటర్లయితే తిన్నని రెక్కల చక్రానికి ఎంత టార్క్ కావాలి? అదే పంకాను చింతపల్లిలో వాడితే ఎంత?

3. తొట్టి ఖాళీ అయినప్పుడు మోటారు ఎందుకు వేడెక్కుతుంది? ఏ రకపు రెక్కలకు ఈ ప్రమాదం తక్కువ?

4. అనుకరణలో టార్క్‌ను రెండు విధాలుగా లెక్కించడం వల్ల ఏయే తప్పులు బయటపడతాయి?